తల్లి చేతి ఐదు షిల్లింగులు

కూలి పనిని బట్టి వచ్చును. ఆకలి నోళ్లను బట్టి వచ్చును. ఈ రెండు లెక్కలు ఏనాడును ఒకదానితో నొకటి సరిపోవు. ఒకే మిల్లులో ఒకే విధముగా శ్రమించు ఇద్దరు కార్మికులకు యజమాని ఒకే కూలి నిచ్చును. వారిలో ఒకడు బ్రహ్మచారి. రెండవవానికి భార్యయు నలుగురు బిడ్డలును కలరు. మొదటివాని కూలి ఒక్క కడుపును నింపును. రెండవవాని కూలి ఆరు కడుపులకు పంచబడును. యజమాని అన్యాయము చేసెనని చెప్పుటకు వీలులేదు. సమాన శ్రమకు సమాన వేతనమే ఇచ్చినాడు. అయినను రెండవ యింటి బిడ్డ అరకడుపుతో బడికి వచ్చుచున్నాడు. ఆ బిడ్డ ఆకలికి బాధ్యులెవ్వరు? తండ్రియా? యజమానియా? సంఘమా?

ఈ ప్రశ్నకు ఒక స్పష్టమైన సమాధానము చెప్పుకొనుటకు ఇంగ్లండు దేశమునకు నూటయేబది ఏండ్లు పట్టినది. ఆ కథను తెలిసికొనుట కేవలము చరిత్రాసక్తి కలవారికే కాదు, మనకును అవసరము. నేడు మన తెలుగు నేలపైనను బడికి పోవు బిడ్డ పేరిట తల్లి ఖాతాలో ప్రభుత్వము సొమ్ము జమ చేయుట వచ్చినది. ఆ సొమ్ము తండ్రి కీయక తల్లికే ఏల ఈయవలెను? ఒక బిడ్డకా, బిడ్డలందరికా? ఊరకే ఈయవచ్చునా, నియమముతో ఈయవలెనా? మనము వేసికొనుచున్న ఈ ప్రశ్నలన్నియు అక్కడ ఇదివరకే నలిగినవి.

రొట్టె ధరతో పెరిగిన కూలి

1794వ సంవత్సరమున ఇంగ్లండులో పంట సరిగా పండలేదు. ఫ్రాన్సుతో యుద్ధము జరుగుచుండెను. గోధుమల ధర పెరిగెను గాని పొలములలో పనిచేయు కూలీల వేతనములు దానితోపాటు పెరుగలేదు. 1795 మే 6వ తేదీన బర్క్‌షైరు మండలపు మేజిస్ట్రేట్లు స్పీనమ్‌లాండు అను చోట పెలికన్ అను సత్రములో సమావేశమైరి. కూలి రేట్లను తామే నిర్ణయింపవలెనా యని ఆలోచించి, తుదకు ఆ మార్గమును విడిచి వేరొక దారి త్రొక్కిరి.

ఎనిమిది పౌనుల పదునొకండు ఔన్సుల బరువుగల రొట్టె ధర ఒక షిల్లింగు ఉన్నప్పుడు, కష్టించి పనిచేయు పేదవానికి వారమునకు మూడు షిల్లింగులును, భార్యకును ఇంటిలోని తక్కినవారిలో ఒక్కొక్కరికిని షిల్లింగున్నర చొప్పునను ఉండవలెనని వారు లెక్క కట్టిరి. రొట్టె ధర పెన్నీ పెరిగినప్పుడెల్ల కూలివానికి మూడు పెన్నీలు, తక్కినవారికి ఒక్కొక్క పెన్నీ పెరుగవలెను. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు; ఇరువది షిల్లింగులు ఒక పౌను; 1971 వరకును ఆ దేశపు లెక్క ఇది. వచ్చిన కూలి ఈ మొత్తమునకు చాలనిచో, తక్కువపడినంత సొమ్ము గ్రామస్థులు చెల్లించు పన్నులతో ఏర్పడిన బీదల నిధి నుండి ఈయబడును. విద్యార్థులు ఈ లెక్కను చేసి చూడవచ్చును. రొట్టె ధర షిల్లింగు ఉన్నప్పుడు బ్రహ్మచారికి మూడు షిల్లింగులు. భార్యయు నలుగురు బిడ్డలును గలవానికి పదిన్నర షిల్లింగులు.

ఆకలి నోళ్లను బట్టి లెక్క కట్టిన ఈ ఏర్పాటులో దయ కలదు, తర్కమును కలదు. కాని దాని అడుగున ఒక లోపము దాగియుండెను. కూలికిని అవసరమునకును గల వ్యత్యాసమును నిధియే పూరించునప్పుడు, యజమాని కూలిని తగ్గించినను కూలివానికి నష్టము లేదు. పెంచినను లాభము లేదు. తక్కువ కూలి ఇచ్చు రైతు భారమును ఊరివారందరును మోయవలసి వచ్చును. 1832లో నియమింపబడిన రాజ నియోగ సంఘము ఈ ఏర్పాటు కూలీలను సోమరులను చేసినదనియు, వేతనములను దిగజార్చినదనియు తీవ్రముగా ఖండించెను. ఫలితముగా 1834 నాటి బీదల చట్టము వచ్చెను. ఆ చట్టము ననుసరించి, పనిచేయు శక్తిగల పేదవాడు సహాయము కోరినచో వర్కుహవుసు అను బీదల నివాసములో చేరవలెను. అచ్చట భర్తను ఒక భాగమునను, భార్యను వేరొక భాగమునను, బిడ్డలను ఇంకొక భాగమునను ఉంచెడివారు. కుటుంబమునకు సహాయము చేయు చట్టము కుటుంబమునే విడదీసెను!

ఆ సంఘము చెప్పిన మాటలు నిజమేనా యను సందేహము చాలకాలమునకు గాని చరిత్రకారులకు కలుగలేదు. 1963లో ఆర్థికశాస్త్రవేత్త మార్క్ బ్లాగ్ ఆ పాత లెక్కలను తిరుగవేసి, వేతనములు తక్కువగా నుండుటకు సహాయము కారణము కాదనియు, వేతనములు తక్కువగా నుండుటచేతనే సహాయము అవసరమైనదనియు వాదించెను. ఆ చర్చ ఎట్లు ముగిసినను, ఒక్క సంగతి నిలిచియున్నది: బీదలకు సొమ్ము ఇచ్చినచో సోమరులగుదురను మాట ఈనాటిది కాదు, దాని వయస్సు రెండువందల ఏండ్లు.

పెయిన్ ఊహ, రౌంట్రీ లెక్క

స్పీనమ్‌లాండు సమావేశమునకు మూడేండ్ల ముందే, 1792లో, థామస్ పెయిన్ తన 'మానవుని హక్కులు' అను గ్రంథపు రెండవ భాగమున వేరొక మార్గమును సూచించెను. పదునాలుగేండ్ల లోపు వయస్సుగల పేదబిడ్డ ఒక్కొక్కరికి ఏడాదికి నాలుగు పౌనుల చొప్పున ప్రభుత్వము ఈయవలెననియు, తల్లిదండ్రులు ఆ బిడ్డలను చదువు, వ్రాత, లెక్కలు నేర్చుకొనుటకు బడికి పంపవలెననియు ఆయన వ్రాసెను. ఇది దానము కాదు, హక్కు అనునది ఆయన వాదము. అదే సంవత్సరము డిసెంబరులో ప్రభుత్వము ఆ గ్రంథముపై రాజద్రోహ నేరమును మోపి, ఫ్రాన్సులో నున్న పెయిన్‌ను దోషిగా తీర్మానింపజేసెను. బిడ్డకు సొమ్ము, ఆ సొమ్మునకు బడి — ఈ రెండును ఒకే వాక్యమున ముడిపడి అప్పటికే అచ్చులోనికి వచ్చినవి. అమలులోనికి వచ్చుటకు మాత్రము చాలకాలము పట్టెను.

నూరేండ్లకు పైగా గడచిన తరువాత యార్కు పట్టణమున సీబోమ్ రౌంట్రీ అను నతడు ఇంటింటి విచారణ జరిపించెను. ఇతడు కోకో, చాక్లెట్టు తయారుచేయు కర్మాగారమునకు అధిపతులైన కుటుంబములోనివాడు. 1901లో ప్రకటించిన ఆయన గ్రంథము ప్రకారము ఆ పట్టణ జనాభాలో నూటికి ఇంచుమించు 28 మంది దారిద్ర్యములో నుండిరి. ఎంత జాగ్రత్తగా ఖర్చు చేసినను దేహమును నిలుపుకొనుటకే ఆదాయము చాలని కుటుంబములను ఆయన వేరుగా లెక్కించి, వారి దుఃస్థితికి కారణములను వెదకెను. వారిలో సగము మందికి పైగా బీదలగుటకు కారణము సోమరితనము కాదు, త్రాగుడు కాదు. క్రమముగా చేయుచున్న పనికి వచ్చు కూలి చాలకపోవుటయే. అయిదవ వంతునకు పైగా కుటుంబము పెద్దదగుటచే బీదలైరి.

రౌంట్రీ కనుగొన్న మరియొక సత్యము ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగినది. కూలివాని జీవితములో దారిద్ర్యము ఎల్లప్పుడును ఒకే తీరుగా నుండదు; అలవలె వచ్చిపోవుచుండును. బాల్యములో ఒకసారి పేదవాడగును. తాను సంపాదింప మొదలిడిన పిమ్మట కొంత తేరుకొనును. పెండ్లియై బిడ్డలు పుట్టిన తోడనే మరల పేదవాడగును. బిడ్డలు పెరిగి సంపాదించునప్పుడు కొంత సుఖపడును. వార్ధక్యమున మూడవసారి మునుగును. అనగా, తండ్రి రెండవసారి మునిగిన కాలమే బిడ్డ మొదటిసారి మునుగు కాలము. అదియే బిడ్డ బడిలో నుండవలసిన కాలము.

ఎలినార్ రాత్‌బోన్

ఈ ముడిని విప్పుటకు జీవితము నంకితము చేసిన స్త్రీ ఎలినార్ రాత్‌బోన్. ఆమె 1872లో జన్మించెను. లివర్‌పూలు పట్టణపు సంపన్న వర్తక కుటుంబము వారిది. తండ్రి పార్లమెంటు సభ్యుడు. ఆక్స్‌ఫర్డులో చదివి, 1909లో లివర్‌పూలు నగర సభకు ఏ పక్షమునకును చెందని సభ్యురాలుగా ఎన్నికయ్యెను.

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. యుద్ధమునకు పోయిన సైనికుల భార్యలకు ప్రభుత్వము బిడ్డల సంఖ్యను బట్టి వారము వారము భత్యము నిచ్చుచుండెను. లివర్‌పూలులో సైనిక కుటుంబముల సహాయ కార్యమును నడపిన రాత్‌బోన్‌కు అక్కడ ఒక సంగతి స్పష్టపడెను. ఇంటి యజమాని దూరదేశమున నున్నను, తన చేతికి నేరుగా వచ్చు నికరమైన సొమ్ముతో తల్లి ఇంటిని చక్కగా దిద్దుకొనగలుగుచున్నది. బిడ్డల ఆరోగ్యము కుదుటపడుచున్నది. యుద్ధకాలమున సాధ్యమైనది శాంతికాలమున ఏల సాధ్యము కాదు?

1924లో ఆమె ప్రకటించిన 'వారసత్వము కోల్పోయిన కుటుంబము' అను గ్రంథము ఈ ప్రశ్నకు సమాధానము. కార్మికునికి భార్యయు ముగ్గురు బిడ్డలును ఉందురను ఊహతో జీవన వేతనమును నిర్ణయింపవలెనని నాడు పలువురు కోరుచుండిరి. ఆ ఊహలోని డొల్లతనమును ఆమె బయటపెట్టెను. బిడ్డలు లేనివానికి లేని బిడ్డల కొరకు కూలి చెల్లింపబడును. అయిదుగురు బిడ్డలు గలవానికి ఉన్న బిడ్డలలో ఇద్దరి కొరకు చెల్లింపబడదు. పుట్టని బిడ్డలకు అన్నము దొరకును, పుట్టినవారికి దొరకదు. కావున వేతనమును శ్రమకు వదలిపెట్టి, బిడ్డల పోషణకు సంఘమే వేరుగా భత్యము నీయవలెను.

ఈ వాదములో ఇంకొక పదును కలదు. స్త్రీలకు తక్కువ కూలి ఇచ్చుటకు యజమానులు చెప్పు సాకు ఒక్కటియే: పురుషుడు సంసారమును పోషింపవలెను గదా యని. బిడ్డల పోషణభారమును కూలి నుండి వేరుచేసినచో ఆ సాకు నిలువదు. సమాన వేతనమునకు అడ్డుగోడ తొలగును.

కార్మిక సంఘములు ఈ వాదమును చాలకాలము సంశయముతో చూచినవి. ప్రభుత్వము బిడ్డలకు భత్యమిచ్చినచో, యజమానులు ఆ మేరకు కూలిని కోసివేయుదురని వారి భయము. స్పీనమ్‌లాండు జ్ఞాపకము వారిని వదలలేదు. కాని రెండింటికిని భేదము కలదు. స్పీనమ్‌లాండు సహాయము కూలి పెరిగిన తగ్గును, కూలి తగ్గిన పెరుగును. రాత్‌బోన్ కోరిన భత్యము కూలితో నిమిత్తము లేక బిడ్డ తలను బట్టి వచ్చును. ఎంత సంపాదించినను అది తగ్గదు. కావున ఎక్కువ కూలి కొరకు పోరాడువాని చేతిని అది పట్టుకొనదు. ఇంతలో ఇతర దేశములు ముందునకు సాగినవి. న్యూజిలాండు 1926లోను, ఫ్రాన్సు 1932లోను కుటుంబ భత్య శాసనములు చేసికొనినవి.

ఈ మహిళకు మన దేశముతోను సంబంధము కలదు. భారతదేశములోని బాల్యవివాహములను గూర్చి ఆమె ఆందోళన సాగించెను. 1929లో లండనులో ఆమె ఏర్పాటు చేసిన సభలో ధన్వంతి రామారావు లేచి, భారత స్త్రీల సమస్యలను గూర్చి భారత స్త్రీలకు చోటీయక బ్రిటిషు స్త్రీలు చర్చించుట తగదని నిలదీసెను. ఆ విమర్శ న్యాయమైనది. మేలు చేయదలచినవారు మేలు పొందువారి మాటను ముందుగా వినవలెనను పాఠము అందు కలదు. రాత్‌బోన్ 1932లో భారతదేశమునకు వచ్చి ఇచ్చటి స్త్రీలను కలిసికొనెను.

తండ్రికా, తల్లికా?

1942 డిసెంబరులో విలియం బెవరిడ్జి సాంఘిక భద్రతా నివేదిక వెలువడెను. బెవరిడ్జి జన్మించినది వంగదేశములోని రంగపురమున. నిరుద్యోగము, వ్యాధి, వార్ధక్యము మున్నగువాని నుండి ప్రజలను కాపాడు తన ప్రణాళిక నిలువవలెనన్నచో మూడు ఆధారములు ముందుగా ఉండవలెనని ఆయన చెప్పెను. అందులో మొదటిది బిడ్డల భత్యము. పని లేనప్పుడు బిడ్డల సంఖ్యను బట్టి సహాయమిచ్చి, పని ఉన్నప్పుడు ఈయకపోయినచో, పెద్ద కుటుంబము గలవానికి పనికంటె పని లేకుండుటయే మేలగును. సోమరితనమును గూర్చి భయపడువారికి ఇంతకంటె మంచి సమాధానము లేదు: పనిలో నున్నవాని బిడ్డకు అన్నము పెట్టుటయే పనికి గౌరవము.

1945లో కుటుంబ భత్య శాసనము పార్లమెంటు ముందునకు వచ్చెను. బెవరిడ్జి సూచించినది బిడ్డకు వారమునకు సగటున ఎనిమిది షిల్లింగులు. ప్రభుత్వము అంగీకరించినది అయిదు. బడిలో భోజనము, పాలు మున్నగునవి ఉండును గదా యని సమాధానము. అదియు మొదటి బిడ్డకు లేదు. రెండవ బిడ్డ మొదలుకొని మాత్రమే. అన్నిటికంటె మిన్నగా, ఆ సొమ్ము తండ్రిదని ముసాయిదాలో వ్రాసిరి. ముప్పది యేండ్లుగా ఈ భత్యము కొరకు పోరాడిన రాత్‌బోన్, ఆ మాట మార్చనిచో ఈ శాసనమునకు తానే వ్యతిరేకముగా ఓటు వేయుదునని ప్రకటించెను. ప్రభుత్వము సభ్యులను వారి మనస్సాక్షికి వదలిపెట్టెను. సొమ్ము తల్లిదని సభ తీర్మానించెను.

ఒక్క పదము మార్పునకు ఇంత పట్టుదల ఏల యని తోచవచ్చును. సొమ్ము ఏ చేతికి వచ్చునో ఆ చేతికే దానిని ఖర్చుచేయు అధికారము వచ్చును. కూలి తండ్రి చేతిలో నుండి ఇంటికి చేరునప్పటికి ఎంత మిగులునో ఏ తల్లియు ముందుగా చెప్పలేదు. నికరముగా తన చేతికి వచ్చునది అయిదు షిల్లింగులే యైనను దానిని నమ్మి ఆమె బిడ్డకు జోళ్లు కొనగలదు.

1946 ఆగస్టు 6వ తేదీ మంగళవారమున తపాలా కార్యాలయములలో తల్లులు మొదటి భత్యమును అందుకొనిరి. ఆ దినమును రాత్‌బోన్ చూడలేదు. అదే సంవత్సరము జనవరి 2న ఆమె మరణించెను.

తీరని లెక్కలు

శాసనముతో కథ ముగియలేదు. ఒకే బిడ్డ గల పేద తల్లికి ఏమియు రాలేదు. ఆదాయపు పన్నులో బిడ్డల పేరిట తండ్రికి మినహాయింపు ఉండెను గాని, పన్ను కట్టునంత సంపాదన లేనివానికి దానివలన ప్రయోజనము లేదు. 1971లో తక్కువ కూలి పొందు కార్మిక కుటుంబములకు ప్రత్యేక సహాయము నొకదానిని ప్రవేశపెట్టిరి. నిర్ణీతమైన ఆదాయమునకు ఎంత తక్కువపడునో అందులో సగము ప్రభుత్వము ఇచ్చును. పాత దోషము మరల తలయెత్తెను: కూలి ఒక పౌను పెరిగినచో సహాయము అరపౌను తగ్గును, దానిపై పన్నును పోవును. పైగా దరఖాస్తు పెట్టుకొని పేదరికమును నిరూపించుకొనవలెను. అర్హులలో పలువురు ఆ గడప త్రొక్కనేలేదు.

1975లో క్రొత్త శాసనము చేసి, పన్ను మినహాయింపును పాత భత్యమును కలిపివేసి, 1977 నుండి మొదటి బిడ్డతో మొదలుపెట్టి ప్రతి బిడ్డకును తల్లి చేతికి సొమ్ము నీయ నారంభించిరి. అయినను బిడ్డలను లెక్కించు చేయి మరల ముడుచుకొనెను. 2017 ఏప్రిల్ మొదలు, తక్కువ ఆదాయము గల కుటుంబములకు ఇచ్చు సహాయములో, ఆ తరువాత పుట్టిన మూడవ బిడ్డకు లెక్క లేకుండ చేసిరి. 2025 నవంబరు బడ్జెటులో ఈ హద్దును 2026 ఏప్రిల్ నుండి తొలగింతుమని అక్కడి ప్రభుత్వము ప్రకటించెను. ఏ బిడ్డ లెక్కలోనికి రావలెనను తగవు అక్కడ ఇన్ని పర్యాయములు తిరిగినది.

మన హాజరు పట్టీ

మన దేశమున 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక మహాసభ కనీస వేతనమునకు కొలత నిర్ణయించెను. సంపాదించు ఒక్కనికి మూడు వినియోగ ప్రమాణములు. ఒక్కొక్క ప్రమాణమునకు దినమునకు 2,700 కేలరీల ఆహారము. నలుగురు గల కుటుంబమునకు ఏడాదికి 72 గజముల వస్త్రము. ఇంటి అద్దె, వంటచెరకు, దీపము కూడ లెక్కలో చేరినవి. బిడ్డల చదువు మాత్రము ఆ పట్టికలో విడిగా చేరలేదు. 1991లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో బిడ్డల చదువు, వైద్యము, పండుగలు, వార్ధక్యము మున్నగువాని కొరకు మరి 25 శాతమును చేర్చవలెనని చెప్పెను. మంచిదే. కాని రాత్‌బోన్ ప్రశ్న ఇచ్చటను నిలిచియున్నది: వేతనపు కొలతలో నలుగురే యుందురు, పూరింటిలో ఎందరుందురో ఆ కొలత ఎరుగదు.

2020 జనవరి 9న చిత్తూరులో ప్రారంభమైన అమ్మ ఒడి పథకము బిడ్డను బడికి పంపు పేద తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు నిర్ణయించెను. బిడ్డలెందరున్నను తల్లికి ఒకటే మొత్తము. 2025 జూన్‌లో ప్రారంభమైన తల్లికి వందనము పథకము చదువుచున్న ప్రతి బిడ్డను లెక్కలోనికి తెచ్చి, 15,000లో 2,000 పాఠశాలల నిర్వహణకు మినహాయించి, 13,000 చొప్పున తల్లి ఖాతాలో వేసెను. రెండు ప్రభుత్వములును తల్లి చేతినే నమ్మినవి. అందు భేదము లేదు. ఒక బిడ్డ నుండి ప్రతి బిడ్డకు సాగిన ఈ దారి బ్రిటనులో 1945 నుండి 1977 వరకు సాగిన దారినే తలపించును.

మన పథకములలో బ్రిటిషు భత్యమునకు లేని నియమమొకటి కలదు: 75 శాతము హాజరు. ఇది పెయిన్ ఊహకు దగ్గర. బడిని తల్లికి గుర్తుచేయు శక్తి దీనికి కలదు. కాని కర్నూలు జిల్లా పడమటి మండలముల నుండి మిరపకోతలకు గుంటూరు సీమకు వలసపోవు కుటుంబమును తలచుకొనుడు. బిడ్డను ఇంట విడిచిపోవుటకు దిక్కులేక వెంట తీసికొనిపోదురు. హాజరు తగ్గును. హాజరు తగ్గినచో సొమ్ము ఆగును. బీదతనమే బిడ్డను బడికి దూరము చేసినది. ఆ దూరమే బీదతనమునకు మందును ఆపివేయును. సొమ్ము ఎక్కువ అవసరమైన యిల్లే సొమ్మునకు అనర్హమగు ప్రమాదము ఇందు కలదు. వలస బిడ్డకు పోయినచోట బడియు, ఆ బడి హాజరు సొంత ఊరిలో చెల్లుబాటును ఉన్నప్పుడే ఈ నియమము న్యాయమగును.

ఒకనాడు హాజరు పట్టీ ఉపాధ్యాయునికి తన తరగతి లెక్క మాత్రమే. నేడు అది ఒక తల్లి ఖాతాకు తాళపుచెవి. తపాలా కార్యాలయమున ఐదు షిల్లింగులు లెక్కించి ఇచ్చిన గుమాస్తాకు ఆ బిడ్డ పేరు తెలియదు, ముఖము తెలియదు. మన ఉపాధ్యాయునికి రెండును తెలియును. కావున బిడ్డ పేరున గైర్హాజరు గుర్తు పెట్టిన దినముననే, ఏల రాలేదని విచారించుట కూడ ఆ ఉద్యోగములో భాగమైనది. ఆ కారణమును పై అధికారుల చెవిని వేయువారు ఉపాధ్యాయులు కాకున్న వేరెవ్వరును లేరు.